గణాల్లో ఒదిగిన యేసు పేరు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పల్లవికి పైన చిన్న అక్షరాల్లో ఒక పంక్తి కనిపిస్తుంది. రాగం ఫలానా, తాళం ఫలానా అని. ఆనందభైరవి, మోహన, శంకరాభరణం. ఆది, రూపకం, చాపు. మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఆదివారం ఆరాధనలో పాట నంబరు చెప్పగానే అందరం గబగబా పేజీ తిప్పుతాం, ఆ పంక్తిని దాటేసి పాట అందుకుంటాం. అసలు పనితనం గుట్టు అక్కడే మొదలవుతుంది. ఈ పాట కట్టినవాడికి సంగీతం తెలుసు, ఛందస్సు తెలుసు, ఏ మాట ఎక్కడ ఆగాలో తెలుసు అని ఆ ఒక్క పంక్తి ముందే చెప్పేస్తోంది.

మా వైపు గుళ్లలో కూర్చునేవాళ్లు రకరకాల ఊళ్ల వాళ్లు. మేడ్చల్, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో పనికని గుంటూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు కొందరు. మెదక్, కరీంనగర్ పల్లెల నుంచి తరతరాలుగా ఉన్న కుటుంబాలు కొన్ని. శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ ప్రాంగణాలు వచ్చాక చదువుకునే పిల్లలూ కలిశారు. తాతల నాడు ఒకరిది లూథరన్ సంఘం, ఒకరిది బాప్టిస్టు, ఇంకొకరిది వెస్లియన్. యాస వేరు, తిండి వేరు. పాత కీర్తన ఎత్తుకుంటే మాత్రం అందరి నోటా ఒకే సాహిత్యం. పెద్దవాళ్లలో చాలామందికి పుస్తకం అక్కర్లేదు. చదువు రాని ముసలమ్మలు కూడా ఏడెనిమిది చరణాలు ఒక్క అక్షరం తప్పకుండా పాడతారు. దాన్ని భక్తి అని సరిపెట్టుకుంటే సగమే చెప్పినట్టు. అన్ని చరణాలు అన్నేళ్లు మనసులో నిలబడటానికి కారణం వాటి కట్టుబడి.

మేడ్చల్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద తూప్రాన్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి మళ్లితే మెదక్. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టించిన గుడి అక్కడుంది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రావలసిందే, అంత గొప్ప పని అది. నేను పరిచయం చేయదలచుకున్నది మాత్రం ఆ గోడల మధ్య పాడుకునే మాటల పనిని. దానికి శిలాఫలకం లేదు, టికెట్టూ లేదు.

ఈ పనికి పెద్దమేస్త్రి పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. సంస్కృతం, తెలుగు క్షుణ్ణంగా చదువుకున్నాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి బోధించాడు, పాటలు కట్టాడు. ఆయన కీర్తనలు నూరుకు పైమాటే. మతం మారినప్పుడు ఆయన చాలా వదులుకున్నాడు కానీ చదువును వదల్లేదు. పల్లవి, అనుపల్లవి, చరణం అనే చట్రాన్ని రామదాసు, త్యాగయ్య వాడినట్టే వాడుకున్నాడు. శరణు, కరుణ, దాసుడు, పాదసేవ లాంటి వైష్ణవ భక్తుల మాటలను కొత్త దేవుడి సన్నిధికి తీసుకొచ్చాడు. ఆర్. ఆర్. సుందరరావు ఈ సంగతి మీదే పరిశోధించి, తెలుగు కీర్తనల్లోని భక్తితత్వంపై 1983లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. అందుకని భావం సంగతి అక్కడ వదిలి, నేను చేతిపని దగ్గరికి వస్తాను.

తెలుగు కీర్తనకు ప్రాణం ద్వితీయాక్షర ప్రాస. పల్లవిలో రెండో అక్షరం ఏ హల్లు అయితే అనుపల్లవిలోనూ అదే రావాలి. దాని ముందున్న అక్షరం గురువైతే అక్కడా గురువే ఉండాలి. ఇప్పుడు 'యేసు' అని పాట ఎత్తుకున్నారనుకోండి. రెండో అక్షరం 'సు', ముందున్నది దీర్ఘం. దీనికి తోడుగా తెలుగు తనంతట తాను అందించే మాటలేమిటో చూడండి: దాసుడు, దోసము, మోసము, వాసము, వేసారి. విశ్వాసి తన కథ చెప్పుకోవడానికి కావలసిన మాటలు దాదాపు అన్నీ ఈ వరసలోనే దొరుకుతాయి. ఇది ఎవరూ పన్నిన పథకం కాదు. అయినా దొరికినదాన్ని గుర్తుపట్టి, రాగం పైకి లేచే చోట ఒకటి, దిగే చోట ఒకటి పెట్టడం మాత్రం కవి చేసిన పనే. పుస్తకం లేకుండా ముసలమ్మ పాడగలగడానికి కారణం కూడా ఈ ప్రాసే. ఒక పాదం గుర్తొస్తే దాని రెండో అక్షరం తరవాతి పాదాన్ని లాక్కొస్తుంది.

ఇంగ్లీషు బాణీకి అనువదించిన పాటలతో పోలిస్తే తేడా తెలుస్తుంది. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేటకు వచ్చే దారిలోని బొల్లారంలో కంటోన్మెంటు కాలం నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1983లో ఎలిజబెత్ రాణి ఆరాధనకు వచ్చింది అక్కడికే. అలాంటి గుళ్లలో ఆర్గన్ మీద వినిపించిన బాణీలు తెలుగు మాటలు తొడుక్కుని పల్లెలకూ చేరాయి. వాటిలో మంచి పాటలున్నాయి, నాకు ఇష్టమైనవీ ఉన్నాయి. కానీ ఇంగ్లీషు పాట నడిచేది ఊనిక మీద, తెలుగు మాట నడిచేది గురులఘువుల మీద. 'దేవుడు' అన్నప్పుడు మన చెవి 'దే' దగ్గర సాగాలనుకుంటుంది. పరాయి బాణీ చాలాసార్లు చివరి 'డు'ని సాగదీయమంటుంది. పాడేవాళ్లు అలవాటు పడిపోతారు కానీ మాట నలుగుతుంది. చౌదరి కీర్తనలో ఆ నలుగుడు ఉండదు. దీర్ఘం వచ్చిన చోట తాళం ఆగుతుంది, లఘువుల గుంపు వచ్చిన చోట పరుగెత్తుతుంది.

కీర్తన దగ్గర్నుంచి పద్యం దగ్గరికి వెళితే పని ఇంకా కష్టమవుతుంది. పద్యంలో లెక్క తప్పితే రాగం తీసి కప్పేసుకునే వీల్లేదు. క్రీస్తు కథ చెప్పబోయే తెలుగు కవికి మొదటి చిక్కు పేర్లు. హెబ్రీ నుంచి, గ్రీకు నుంచి వచ్చిన పేర్లు అవి. తమిళంలో వీరమామునివర్‌గా పేరొందిన ఇటలీ జెసూట్ బెస్కీ, 1726 నాటి తేంబావణి కావ్యంలో కథానాయకుడు జోసెఫ్‌కు వళన్ అని అచ్చమైన తమిళ పేరే పెట్టాడు. మన కవులు చాలావరకు బైబిలు అనువాదంలో నిలిచిన రూపాలనే పట్టుకున్నారు. ఆ రూపాలను తయారు చేసినవాళ్లకు మనం మొక్కాలి. విశాఖపట్నంలో 1805లో లండన్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన అనువాదంలో ఆనందరాయరు అనే పండితుడు పాలుపంచుకున్నాడు. 1812లో శ్రీరాంపూర్‌లో సువార్తలు అచ్చయ్యాయి. 1818కి మద్రాసులో కొత్త నిబంధన వచ్చింది. తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి. మన భాష అజంతం కాబట్టి, హల్లుతో ఆగిపోయే పేర్లకు చివర ఒక అచ్చు చేరింది. పేతురు, యోహాను, హేరోదు, పిలాతు, ఇశ్రాయేలు, బేత్లెహేము. చివరి ఆ చిన్న లఘువే పద్యకవి చేతికి పట్టు ఇచ్చింది.

కాగితం పెన్సిలు పట్టుకుని గణాలు కట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 'యేసు' ఒక గురువు, ఒక లఘువు. 'క్రీస్తు' కూడా అంతే. రెండూ గలం, అంటే సూర్యగణం. 'సిలువ' మూడు లఘువులు, అదీ సూర్యగణమే. 'మరియ' అదే. సూర్యగణాలు రెండే రెండు ఉంటే ఈ నాలుగు మాటలూ ఆ రెంటిలోకే వచ్చి కూర్చున్నాయి. 'బేత్లెహేము'ను విడగొడితే వరసగా రెండు గలాలు. ఇక ఇంద్రగణాలు చూడండి. 'పేతురు' భగణం, 'యోహాను' తగణం, 'గొల్గొతా' రగణం, 'గలిలయ' నలం, 'నజరేతు' సలం. తేటగీతి పాదంలో ముందు ఒక సూర్యగణం, తరవాత రెండు ఇంద్రగణాలు, ఆపైన రెండు సూర్యగణాలు ఉండాలి కదా. మరియ, నజరేతు, గలిలయ అని మూడు మాటలు వరసగా పెడితే, ఒక్క అక్షరం కదపకుండా పాదంలో మొదటి మూడు గణాలూ పూర్తవుతాయి.

ఆటవెలది సరి పాదంలో అయిదూ సూర్యగణాలే. వేమన వల్ల తెలుగువాళ్ల నాలుక మీద ఆడే పద్యం అది. నమూనా కోసం నేను కట్టిన సాదా పాదం ఒకటి చూపిస్తాను: 'సిలువ మీద యేసు జీవమిచ్చె'. సిలువ, మీద, యేసు, జీవ, మిచ్చె. అయిదు గణాలు సరిపోయాయి. మొదటి గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. ఇక్కడ 'సి', 'జీ'. చ ఛ జ ఝ శ ష స ఒకదానికొకటి యతిమైత్రి ఉన్న హల్లులు, అచ్చులు ఇ, ఈ కూడా మిత్రులే. కుదిరింది. దీన్ని కవిత్వం అననుగానీ, ఇందులో ఒక సంగతి గమనించండి. సిలువ అన్న మాటకు యతి వెతుక్కునేటప్పుడు తెలుగు ఛందస్సు కవికి 'జీవం' అన్న మాటను చూపిస్తోంది. 'చెర' చూపిస్తోంది, 'శిరము' చూపిస్తోంది. క్రీస్తు అని మొదలుపెడితే 'కృప' అన్న మాట యతికి సరిపోతుంది. ఋకారం ఇ, ఈ, ఎ, ఏలతో కలుస్తుంది కాబట్టి. 'కీర్తి' సరిపోతుంది, 'గీతి' సరిపోతుంది. పాపానికి భారం సరిపోతుంది. యేసు అంటే ఇల, ఎద, ఏలిక సరిపోతాయి, యకారానికి అచ్చులతో మైత్రి ఉంది కనుక.

నిజానికి ఈ జతల్లో దైవసంకల్పం ఉందని నేను అనను. ఏ భాషలోనైనా శబ్దాలు అలా తారసపడతాయి. కానీ యతి స్థానంలో నిలబడి మాట కోసం వెతుక్కుంటున్న కవి, వెతికే క్రమంలో తన విశ్వాసాన్నే మళ్లీ తరచి చూసుకుంటాడు. సిలువ పక్కన చెర పెట్టాలా, జీవం పెట్టాలా అని ఆగి ఆలోచించాల్సిన క్షణం అది. వేదాంతి గ్రంథంలో ఎదుర్కొనే ప్రశ్నే ఆ కవికి పద్యపాదం మధ్యలో ఎదురైంది. నియమం భక్తికి అడ్డుపడుతుందని కొందరు బోధకులు అంటుండగా విన్నాను. ఈ పని దగ్గర కూర్చుని చూస్తే ఆ మాట అనలేరు. నియమమే కవిని ఆపి ఆలోచింపజేసింది.

అన్ని పేర్లూ ఇంత సులువుగా లొంగవు. 'యెరూషలేము' తీసుకోండి. లఘువు, గురువు, లఘువు, గురువు, లఘువు. లఘువు తరవాత వెంటనే గురువుతో మొదలయ్యే మాట కనుక దేశి పద్యాల్లో గణం ఆరంభంలో కూర్చోదు. అలాగని వదిలేయడానికి వీలుకాని పేరు, కథ అంతా అక్కడికే నడుస్తుంది. ఉత్పలమాలలో వెతికితే రెండు చోట్లు కనిపిస్తాయి, మూడో అక్షరం నుంచి ఏడు దాకా, పదిహేనో అక్షరం నుంచి పందొమ్మిది దాకా. పాదం మొదట్లో రెండక్షరాల ఖాళీ ఉంది, అది గురువు, లఘువు. 'యేసు' అన్న మాట సరిగ్గా ఆ ఖాళీకే చెక్కినట్టుంటుంది. 'యేసు యెరూషలేము' అని ఎత్తుకుంటే ఉత్పలమాల నడక దానంతటదే వచ్చేస్తుంది. యేసు తీసి మరియ పెట్టండి, 'మరియ యెరూషలేము' అంటే చంపకమాల అవుతుంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల వస్తుందని బడిలో చెప్పిన పాఠం ఇక్కడ తల్లీకొడుకుల పేర్లలో కనిపించింది. ఇది మొదటిసారి కట్టి చూసుకున్నప్పుడు నాకు చాలాసేపు ఆ కాగితం పక్కన పెట్టబుద్ధి కాలేదు.

అన్నిటికంటే మొండిది 'ఇశ్రాయేలు'. వరసగా మూడు గురువులు, చివర ఒక లఘువు. ఉత్పల, చంపకాలలో మూడు గురువులు ఒక్కచోటా పక్కపక్కన రావు కాబట్టి అక్కడ ఈ పేరుకు చోటే లేదు. శార్దూలం మొదలయ్యేదే మూడు గురువులతో. అక్కడ పాదారంభంలో గంభీరంగా నిలబడుతుంది. అయితే దానికి వెల చెల్లించాలి. రెండో అక్షరం 'శ్రా' కనుక నాలుగు పాదాల్లోనూ శ్రకారమే ప్రాస కావాలి. విశ్రాంతి, అశ్రాంతము... ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి ఆ మాటలు. వాటితోనే నాలుగు పాదాలు నింపి, అర్థం చెడకుండా కథ నడపాలి. పాండిత్యం అంటే ఏమిటో ఇలాంటి చోటనే తెలుస్తుంది. నిఘంటువు ఎంత ఉన్నా, ఏ మాట వాడితే వినేవాడికి శ్రమ కనిపించకుండా పోతుందో తెలియాలి.

ఈ దారిలో, క్రీస్తు చరిత్ర కావ్యం రాసిన గుర్రం జాషువాకు ముందే నడిచినవాళ్లున్నారు. 18వ శతాబ్దికి చెందిన మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం పేరుతో క్రీస్తు కథను పద్యకావ్యం చేశాడు. పురుషోత్తమ చౌదరి యేసునాయక శతకం రాశాడు. 'యేసునాయకా' అనే ఆ సంబోధనను గణించి చూస్తే ఉత్పల, చంపకమాలల చివరి అయిదు అక్షరాలకు సరిగ్గా సరిపోతుంది. కంచెర్ల గోపన్న దాశరథీ శతకంలో మకుటం వాలేది కూడా ఈ లయ మీదే.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. పద్యం రాస్తానంటే పండిత సభలు కులం అడిగాయి. పురాణాలు చదువుతున్నాడని సొంత మతం పెద్దలూ కోప్పడ్డారు. రెండు గుమ్మాల దగ్గరా నిలబెట్టేసిన మనిషి ఆయన. బతకడానికి రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ, సంభాషణలు చెప్పే పని చేశాడు. గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే చీకట్లో కూర్చున్న జనానికి అర్థమయ్యేలా అప్పటికప్పుడు మాట అందించడం ఎలాంటి సాధనో ఊహించండి. వినగానే అందే పద్యం జాషువాది. ఆ గుణానికి ఆ చీకటి హాళ్లు కొంతైనా సాయపడి ఉంటాయని నాకు అనిపిస్తుంది.

1941 నాటి గబ్బిలం అందరికీ తెలుసు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, జాషువా గుళ్లోకి రానివ్వని మనిషి తరఫున గుళ్లోనే వేలాడే గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపాడు. సంస్కృత కావ్య సంప్రదాయం అంతా చదివినవాడు మాత్రమే దాన్ని అలా తిప్పి పట్టుకోగలడు. బహుశా సువార్తలు చదివినవాడు మాత్రమే గుడి బయట నిలబడ్డవాడి పక్షాన అంత నిబ్బరంగా మాట్లాడగలడు. ఈ రెండు చదువులూ ఆయనలో విడివిడిగా లేవు. మంచి వడ్రంగి బిగించిన కూసానికి అతుకు కనపడనట్టు అవి కలిసిపోయాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. కులం అడిగిన లోకంలోనే ఆ సభ కూడా జరిగింది.

ఆ తరవాత వచ్చింది క్రీస్తు చరిత్ర. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. అరవై ఏళ్లు దాటాక, ఎవరి మెప్పూ అక్కర్లేని వయసులో, జాషువా తన ఇంటి దేవుడి కథను తెలుగు పద్యానికి అప్పగించాడు. నేను పైన చెప్పిన గణాల చిక్కులన్నీ ఆయన ముందూ ఉన్నవే. నలభై ఏళ్లకు పైగా పద్యంతో కుస్తీ పట్టిన చెయ్యి కాబట్టి అవి చదువరికి కనిపించవు. నా ఫిర్యాదు ఒక్కటే. గబ్బిలం పాఠ్యపుస్తకాల్లో ఉంది, సభల్లో ఉంది, క్రీస్తు చరిత్ర మాత్రం ఎక్కువగా పురస్కారాల జాబితాలోనే ఉండిపోయింది. సాహిత్యకారులు అది మతగ్రంథం అనుకుని పక్కన పెట్టారు. సంఘాలు అది కావ్యం అనుకుని పక్కన పెట్టాయి. జాషువా బతికుండగా నిలబడ్డ రెండు గుమ్మాల దగ్గరే ఆయన పుస్తకమూ నిలబడింది.

మా వైపు గుళ్లలో ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్, తెర మీద పాట మాటలు. కొత్త పాటలు పిల్లలకు నచ్చుతున్నాయి. వాటిలోనూ శ్రద్ధగా కట్టినవి ఉన్నాయి. నాకు కష్టం అనిపించేది వేరే. తెర మీదికి ఎక్కేటప్పుడు కీర్తన పైనున్న రాగం, తాళం పంక్తిని తీసేస్తున్నారు. చరణాలు ఏడుంటే మూడే వేస్తున్నారు. ప్రాస కోసం కవి ఎంచిన పాత మాట అర్థం కాదని దాన్ని మార్చి వాడుక మాట పెడుతున్నారు. మార్చినప్పుడు రెండో అక్షరం పోతుంది, దానితో పాటు తరవాతి పాదాన్ని గుర్తుచేసే కొక్కెం పోతుంది.

చేయదగిన పని పెద్దదేమీ కాదు. సండే స్కూలులో ఒక ఆదివారం పిల్లల చేత ఒక్క పల్లవికి గురులఘువులు పెట్టించవచ్చు. పదో తరగతి తెలుగులో గణవిభజన చేస్తున్న పిల్లలే వాళ్లు, మార్కుల కోసం నేర్చుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది. ఆనందభైరవి అని రాసి ఉంటే, సంగీతం తెలిసినవాళ్లు ఎవరైనా ఆ రాగం ఆరోహణ, అవరోహణ ఒకసారి పాడి వినిపించవచ్చు. క్రీస్తు చరిత్ర నుంచి రెండు పద్యాలు క్రిస్మస్ నాటకం మధ్యలో చదివించవచ్చు. చదివేటప్పుడు యతి దగ్గర ఆగకుండా, అర్థం దగ్గర ఆగమని చెప్పాలి. పద్యం పాడే అలవాటున్న తెలుగు మాస్టర్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లు ఏ మతం వాళ్లయినా సరే, అడిగితే వచ్చి నేర్పుతారు.